తూటా అడుగున చరిత్ర: పాత రైఫిల్ తూటాలను గుర్తించడం

చిక్కడపల్లిలో మా వీధి చివర ఒక పాత పెంకుటిల్లు ఉండేది. దాన్ని అపార్టుమెంటు కట్టడానికి ఇచ్చేశారు. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీది ట్రంకు పెట్టెలో ఒక తోలు బెల్టూ, మూడు ఇత్తడి వస్తువులూ బయటపడ్డాయి. ఆ ఇంటి అబ్బాయి మీలాగే దూరవిద్యలో బి.ఏ. చదువుతున్నాడు. వాటిని రుమాలులో మూటకట్టి నా దగ్గరకు తెచ్చాడు. "మా తాతయ్య పోలీసు శాఖలో పనిచేశారు సార్. ఇవన్నీ 303 తూటాలట. చింతపండుతో తోమి షోకేసులో పెడదామనుకుంటున్నాను" అన్నాడు.

మూడింటిలో ఒకటి 303. రెండోది 303 కాదు. మూడోదాన్ని చూసి ముందు ఆ మూటను మెల్లగా బల్ల మీద పెట్టమన్నాను. ఈ తేడాలను నేనెలా గుర్తించానో తెలిస్తే ఈ పాఠంలో ముఖ్యమైన భాగం మీకు తెలిసినట్టే.

తూటాలో ఏముంటుంది?

మన పత్రికల్లో "తూటా దూసుకుపోయింది" అని రాస్తారు. నిజానికి దూసుకుపోయేది తూటా కాదు, అందులోని గుండు. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ముందుకు వెళ్ళే గుండు, దాన్ని తోసే మందు, మందును అంటించే ప్రైమర్ (పాతవారి మాటలో టోపీ), ఈ మూడింటినీ పట్టి ఉంచే గుల్ల. తుపాకి పేలాక చేతిలో మిగిలేది గుల్ల ఒక్కటే. మనకు ఎక్కువగా దొరికేదీ అదే.

మొదట్లో ఇవన్నీ వేరువేరుగా ఉండేవి. బస్సులో వెళ్తూ మీరు వినే గన్‌ఫౌండ్రీ అనే పేరు 1795లో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని నిజాం కోసం కట్టించిన ఫిరంగుల కార్ఖానాది. ఆ కాలపు సిపాయి మందును, గుండును గొట్టం మూతి నుంచి కూరేవాడు. అప్పటి మందులో నూటికి సుమారు 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. ఇంగ్లీషులో దాని పేరుకు నల్ల పొడి అని అర్థం. అలాగని తెలుగులో నల్లమందు అనకండి, అది వేరే సరుకు!

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలోనూ, అక్కడికి దగ్గర్లోని నగర కేంద్ర గ్రంథాలయంలోనూ పోటీ పరీక్షలకు చదివేవారందరికీ "1857 తిరుగుబాటుకు తక్షణ కారణం కొవ్వు పూసిన తూటాలు" అనే వాక్యం కంఠతా వచ్చు. తూటాను నోటితో ఎందుకు కొరకాలో మాత్రం చాలామంది చెప్పలేరు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా ఒక కాగితపు పొట్లం. సిపాయి పొట్లం చివరను పళ్ళతో చింపి, మందును గొట్టంలో పోసి, గుండును కాగితంతో సహా లోపలికి దిగ్గొట్టాలి. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి కాబట్టి గుండు సాఫీగా దిగడానికి కాగితానికి జిడ్డు పూసేవారు. ఆ జిడ్డులో ఆవు కొవ్వు, పంది కొవ్వు ఉన్నాయన్న మాట 1857 జనవరిలో కలకత్తా పక్కనున్న డమ్‌డమ్‌లో పొక్కింది. మే 10న మీరట్ లేచింది. జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం మన రెసిడెన్సీ మీదకే వెళ్ళారు. తరువాతి కాలంలో కోఠీ మహిళా కళాశాల ఉన్న ఆ భవనానికి నారాయణగూడ నుంచి నడిచి వెళ్ళవచ్చు.

కాగితం నుంచి ఇత్తడికి

1860ల నడుమ తుపాకిని మూతి నుంచి కాక వెనక నుంచి నింపే పద్ధతి వచ్చింది. స్నైడర్ రైఫిల్ కోసం బాక్సర్ అనే బ్రిటిష్ సైనికాధికారి పలుచని ఇత్తడి రేకును చుట్టి గుల్ల చేశాడు. తూటాను కొరకవలసిన అవసరం అక్కడితో పోయింది. దాని గొట్టం వెడల్పు అంగుళంలో వెయ్యింట 577 వంతులు, అంటే దాదాపు 14.7 మిల్లీమీటర్లు. 1871లో వచ్చిన మార్టినీ-హెన్రీది 450. 1888 నాటి లీ-మెట్‌ఫర్డ్‌తో అది 303కు, అంటే 7.7 మిల్లీమీటర్లకు తగ్గింది. పొగ రాని కార్డైట్ మందు వచ్చాక చిన్న గుండే ఎక్కువ దూరం, ఎక్కువ వేగంతో పోసాగింది. స్థూలంగా, సైనిక రైఫిల్ తూటా ఎంత లావుగా ఉంటే అంత పాతదని అనుకోవచ్చు. అయితే వేటతుపాకుల తూటాలకు ఈ లెక్క పనికిరాదు.

అడుగు ముద్ర చదవడం

గుల్లను తిరగేసి అడుగున ఉన్న ముద్ర చూడండి. 303 తూటాల మీద సాధారణంగా మూడు సంగతులు తెలుస్తాయి: ఎక్కడ చేశారు, ఏ సంవత్సరంలో, ఏ రకం. కె.ఎఫ్. అంటే పుణె దగ్గరి కిర్కీ కర్మాగారం, నేటి ఖడ్కీ. ఆర్., ఎల్. అక్షరాల మధ్య బాణం గుర్తు ఉంటే అది ఇంగ్లండులోని రాయల్ లేబరేటరీ సరుకు. మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి సంవత్సరంలోని చివరి రెండు అంకెలు కూడా వేశారు. రోమన్ అంకె రకాన్ని తెలుపుతుంది. ఆరో రకం గుండు మొన గుండ్రంగా, 1910లో వచ్చిన ఏడో రకానిది సూదిగా ఉంటుంది.

ఆరుకు, ఏడుకు తేడా చిన్నదేమీ కాదు. 1914 శరత్కాలంలో ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగిన భారతీయ సైనికులు తమతో తెచ్చుకున్న రైఫిళ్ళు ఆరో రకానికి సరిపోయేవి. యుద్ధరంగంలో ఏడో రకం వాడుతున్నారు. దాంతో అలవాటైన తుపాకులను అక్కడే అప్పగించి, కొత్తవి తీసుకుని కందకాలకు వెళ్ళవలసి వచ్చింది.

అది కేవలం సరఫరాలో జరిగిన ఆలస్యం అని నేను అనుకోను. 1857 తరువాత బ్రిటిష్ ప్రభుత్వం భారతీయ సిపాయికి ఎప్పుడూ ఒక తరం వెనకటి ఆయుధమే ఇచ్చింది. ముందు గాడులు లేని నునుపు గొట్టాల తుపాకులు ఇచ్చింది. తెల్ల సైనికుల చేతికి మార్టినీలు వచ్చాకే సిపాయికి స్నైడర్ దక్కింది. వారికి లీ-మెట్‌ఫర్డ్ వచ్చాక మార్టినీ ఇతని వంతుకు వచ్చింది. పౌరుల విషయంలోనూ ఇదే ధోరణి. తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న మార్టినీలకు తూటాలు అందుతాయన్న భయంతో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో 450 కొలత తూటాల దిగుమతిని ఇండియాలో ఆపేశారు. ఇంగ్లండులోని వేటతుపాకుల వ్యాపారులు అప్పటికప్పుడు 465, 470 వంటి కొత్త కొలతలు పుట్టించుకున్నారు! స్వతంత్ర భారతంలో మన ఆయుధ కర్మాగారాలు పౌరుల కోసం 315 రైఫిల్ చేయడానికి కారణం కూడా 303 సైనిక కొలత కావడమే.

ఇప్పుడు ఆ అబ్బాయి తెచ్చిన రెండో గుల్లకు వద్దాం. దాని అడుగు అచ్చం 303 లాగే ఉంది. అంచూ అదే. కానీ 303 గుల్ల పైకి వెళ్ళేకొద్దీ సీసా మెడలా సన్నబడుతుంది. దీనికి ఆ మెడ లేదు, చివరిదాకా నిలువు గొట్టమే. "మెడ విరిగిపోయిందేమో సార్" అన్నాడతను. విరగలేదు. 303 గుల్లకు మెడ నొక్కకుండా చేస్తే వచ్చేదే 410 మస్కెట్ తూటా. ఇషాపూర్ కర్మాగారంలో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళ గొట్టాలను గాడులు లేకుండా నునుపుగా మార్చి, ఒక్కొక్క తూటా మాత్రమే పెట్టి కాల్చేలా చేసి పోలీసులకు, కాపలావారికి ఇచ్చారు. దూరం పోదు, గురి తక్కువ, మామూలు 303 తూటా అందులో పనిచేయదు.

పోలీసు తుపాకి ఎదుటివారి చేతిలో పడుతుందన్న భయానికి ఆధారం లేకపోలేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. దొర సిపాయిని నమ్మలేదు, పోలీసునూ పూర్తిగా నమ్మలేదు. ఆ అపనమ్మకం రెండో గుల్ల ఆకారంలోనే కనిపిస్తుంది. ఆ అబ్బాయికి ఈ మాట చెబితే కాసేపు మాట్లాడలేదు. "తాతయ్య దాంతోనే డ్యూటీ చేశారా సార్?" అని మాత్రం అడిగాడు.

మూడో తూటా

మూడోదానికి గుండు అలాగే ఉంది. అడుగున ప్రైమర్ మీద చిన్న నొక్కు కూడా ఉంది. "కాల్చేసిందే కదా సార్, నొక్కు పడింది చూడండి" అన్నాడు. ఇక్కడే చాలామంది పొరపడతారు. నొక్కు ఉందంటే తుపాకి సూది తగిలిందని మాత్రమే అర్థం, మందు అంటుకుందని కాదు. గుండు ముందుకు పోకపోతే మందు లోపలే ఉన్నట్టు భావించాలి. అరవై ఏళ్ళయినా, ఎనభై ఏళ్ళయినా అది పేలదని నమ్మడానికి వీల్లేదు.

అటువంటిది మీకు దొరికితే తోమకండి, కొట్టకండి, రంధ్రం చేయకండి, ఎండలోనో పొయ్యి దగ్గరో పెట్టకండి. మీరే మోసుకుని స్టేషనుకు వెళ్ళకండి కూడా. ఉన్నచోటే ఉంచి 100కు ఫోన్ చేయండి. మేమూ అదే చేశాం. పోలీసులు వచ్చి రాసుకుని తీసుకెళ్ళారు.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు ఉంచుకోవడం నేరం. ఆ చట్టంలో మందుగుండు అన్న మాటకిచ్చిన నిర్వచనంలో దాని భాగాలు కూడా ఉన్నాయి. పాతబడి పనికిరాని ఆయుధాలకు, చిన్న భాగాలకు 45వ సెక్షన్‌లో కొన్ని మినహాయింపులున్నా, అవి మీ వస్తువుకు వర్తిస్తాయో లేదో మీరు తేల్చుకోకూడదు. 1972 పురావస్తువుల చట్టం నూరేళ్ళ వస్తువును పురావస్తువు అంటుంది, కానీ అది తూటాకు లైసెన్సు కాదు. అందుకే ఖాళీ గుల్లలు రెంటినీ కూడా పోలీసులకు చూపించి, ఉంచుకోవచ్చా అని రాతపూర్వకంగా అడగమని ఆ అబ్బాయికి చెప్పాను. పాతసామాన్ల బజారులో కొనే ముందు మీరూ ఇది గుర్తుంచుకోండి.

చింతపండు ఎందుకు వద్దన్నానంటే, తోమిన ప్రతిసారీ ముద్ర కొంత అరుగుతుంది. ముద్ర పోయాక అది వట్టి ఇత్తడి. మెత్తని పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. అమ్మోనియా ఉన్న పాలిష్‌లు అసలే వద్దు. దీని వెనక మన దేశానికి సంబంధించిన ఒక కథ ఉంది. బ్రిటిష్ ఇండియా సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిలవ చేసేది. వాన తగ్గేసరికి గుల్లల మెడలు పగిలి ఉండేవి. రుతువును బట్టి వస్తుంది కాబట్టి దీనికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. తయారీలో ఇత్తడిని బలంగా నొక్కినందువల్ల లోపల ఒత్తిడి మిగిలిపోతుందని, గుర్రపు మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఆ ఒత్తిడి ఉన్నచోట లోహాన్ని చీలుస్తుందని 1921లో తేలింది. సైన్సు విద్యార్థులకు ఇది లోహశాస్త్ర పాఠం కూడా.

అభ్యాసం

ఒక గుల్ల మీ ముందుందనుకోండి. పొడవు 56 మిల్లీమీటర్లు. సీసా మెడ ఉంది. గుండు లేదు, ప్రైమర్ మీద నొక్కు ఉంది. అడుగున కె.ఎఫ్., 43, రోమన్ ఏడు అని ముద్రలున్నాయి. అమ్మేవాడు ఇది 1857లో రెసిడెన్సీ మీద దాడి నాటిదంటున్నాడు. గుల్ల మీద కనిపించే వాటిలో ఏవేవి అతని మాటను కాదంటున్నాయో ఒక పేజీలో రాయండి. తరువాత సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గదికి వెళ్ళి ఏదైనా ఒక తుపాకిని ఎంచుకోండి. దాన్ని మూతి నుంచి నింపేవారా, వెనక నుంచా? దేన్ని చూసి అలా చెబుతున్నారు?