చింతపిక్కలతో ప్రపంచ యాత్ర

మా మరిది పనికోసం మలేషియా వెళ్ళి రెండేళ్ళయింది. ఆయన కొడుక్కి ఇప్పుడు ఐదేళ్ళు. విమానం చప్పుడైతే చాలు, వాడు పెరట్లోకి పరిగెత్తి చెయ్యి ఊపేవాడు. "నాన్న విమానంలోకి ఎల్లిపోనాడు పెద్దమ్మా, అందులోనే ఉంటాడు" అనేవాడు. ఫోనులో తండ్రి కనిపిస్తే మాత్రం తల్లి చీర కొంగు వెనక దాక్కునేవాడు. అవతల మా మరిది మొహం చిన్నబోయేది.

పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల్లో ఇలాంటి ఇళ్ళు ఎన్నో. మగవాళ్ళు బతుకుతెరువుకి పై దేశాలు వెళతారు. ఆ దేశం ఎలా ఉంటుందో, అక్కడి పిల్లలు ఏం చేస్తారో మన పిల్లలకు తెలియదు. పటం చూపించి "ఇదిగో మలేషియా" అంటే ఐదేళ్ళవాడికి ఏం అర్థమవుతుంది? ఆటయితే అర్థమవుతుంది. అందుకే అటక మీది వామనగుంటల పీట దింపాను.

వామనగుంటలు

మన పీటకి అటు ఏడు, ఇటు ఏడు, మొత్తం పద్నాలుగు గుంటలు. గుంటకి ఐదేసి చొప్పున 70 చింతపిక్కలు కావాలి. మలేషియాలో ఇదే ఆటని 'చోంకాక్' అంటారు. పీటకి రెండు చివర్లా ఒక్కో పెద్ద గుంట అదనం. గెలుచుకున్నవి అందులో దాచుకుంటారు. ఆఫ్రికాలోని ఘనా దేశంలో దీని చుట్టమే 'ఓవారే'. గుంటలు పన్నెండు, గింజలు 48. పీట లేకపోతే మట్టిలో గుంటలు తవ్వితే సరి. ఆడుతూ ఆడుతూ పిల్లలకు లెక్కలూ వస్తాయి.

తొక్కుడుబిళ్ళ, అచ్చనగాయలు

ఆడపిల్లలు గీసుకునే తొక్కుడుబిళ్ళ గళ్ళు ఫ్రాన్సులోనూ ఉన్నాయి. అక్కడ మొదటి గడి 'భూమి', చివరి గడి 'ఆకాశం'. మన పిల్లలకూ అలాగే రాసి ఇవ్వండి, సరదాపడతారు. అచ్చనగాయల్లాగే కొరియా పిల్లలు ఐదు చిన్న రాళ్ళతో 'కొంగి' ఆడతారు. ఎగరేసి పట్టడం, చేతి వెనక నిలపడం అంతా మన వరసే.

మన జీడితోటలో బ్రెజిల్

జీడిమామిడి మనదే అనుకుంటాం గానీ, దాని పుట్టిల్లు బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు మన దేశానికి తెచ్చారు. 'కాజు' అనే పేరు కూడా అక్కడి ఆదివాసుల మాట నుంచి వచ్చిందే. మనం జీడిపండు ఉప్పు అద్దుకు తింటే, బ్రెజిల్ వాళ్ళు రసం తీసి తాగుతారు. తోటకి వెళ్ళినప్పుడు పిల్లలచేత ఆకు ఏరించి, పుస్తకంలో అంటించి, పక్కన 'బ్రెజిల్' అని రాయించండి. ఆ దేశం ఇక మరిచిపోరు.

వంటింట్లో

మలేషియాలో కొబ్బరిపాలతో అన్నం వండుకుంటారు. పక్కన వేయించిన వేరుశెనగ గుళ్ళు, కీరదోస ముక్కలు, కోడిగుడ్డు, వేయించిన నెత్తళ్ళు, కారం పచ్చడి పెట్టుకుంటారు. ఇందులో మన ఉద్దానంలో దొరకనిది ఏముంది చెప్పండి? ఆదివారం పూట చేసి, "ఈవేళ నాన్న ఊరి భోజనం" అని పెట్టండి.

అట్టముక్కతో రెండు గడియారాలు చేసి ఇస్తే అదీ ఆటే. మనకి సాయంత్రం ఆరయితే అక్కడ ఎనిమిదిన్నర. నాన్న ఎప్పుడు పడుకుంటాడో పిల్లలే లెక్క కట్టుకుంటారు.

గుర్తుంచుకోండి

మూడేళ్ళలోపు పిల్లలకు పిక్కలు, రాళ్ళు ఇవ్వకండి. నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. పచ్చి జీడిపిక్కలు ఎవరికీ వద్దు, పై తొక్కలోని జీడి తగిలితే చర్మం పొక్కిపోతుంది. ఇంకో మాట. పిల్లల ముందు "వాళ్ళు అదేదో తింటారట, ఛీ" అనకండి. ఆ ఒక్క మాటతో మనం నేర్పిందంతా పోతుంది. పై దేశాల దాకా ఎందుకు? మన వీధిలోని ఒరియా పిల్లల మాటని, కొండ మీది సవర పిల్లల మాటని వెక్కిరించకుండా కలిసి ఆడుకోవడం ముందు నేర్పాలి.

మొన్న మా మరిది ఫోను చేశాడు. వాడు కొంగు వెనక్కి పోలేదు. పీట తెచ్చి ఫోను ముందు పెట్టి, "నాన్నా, మీ ఊర్లో దీనికి పెద్ద గుంటలుంటాయి కదా, నువ్వు చూసినావా?" అన్నాడు. మా మరిదికి కాసేపు మాట రాలేదు. తరవాత అరగంట ఆడుకున్నారు. అటు గుంటలవి ఆయన చెబుతుంటే ఇటు వీడే పంచాడు.

ఇప్పుడు విమానం పోతే వాడు పెరట్లోకి పరిగెత్తడం లేదు. "అందులో నాన్న లేడు, డ్యూటీలో ఉన్నాడు" అంటున్నాడు. మీ అటక మీదా పీట ఉండే ఉంటుంది. దుమ్ము దులిపి చూడండి.