దాహం కట్టిన ఊళ్లు

ఇటలీ మ్యాపు చూడగానే బూటు తొడిగిన కాలు గుర్తొస్తుంది. ఆ బూటుకు మడమ ఉండేచోట పూల్యా, దాన్ని ఆనుకుని అరికాలి వంపులో బాసిలికాటా. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చూసేసి విమానమెక్కే టూరిస్టుల్లో ఇంత దక్షిణానికి దిగేవాళ్లు తక్కువ. దిగినా కార్లో తిరిగొస్తే ఆ నేల సగమే అర్థమవుతుంది. మిగతా సగం తెలియాలంటే సైకిలెక్కాలి. ఎదురుగా మిట్ట మీద ఊరు కనిపిస్తూనే ఉంటుంది... ఎంత తొక్కినా దగ్గరకు రాదు. సీసాలో నీళ్లు అడుగంటుతాయి. నాలుక పిడచకట్టుకుపోతుంది. అప్పుడు తెలుస్తుంది, అక్కడి ఇళ్లు, ఊళ్లు, కాలిబాటలు చాలావరకు దాహం కట్టించినవేనని!

ఇదేమీ కవిత్వం కాదు. పూల్యాలో చెప్పుకోదగ్గ నదులు చాలా తక్కువ. నేలంతా సున్నపురాయి. కురిసిన వాన కురిసినట్టే రాతి పగుళ్లలోంచి పాతాళానికి జారిపోతుంది. ఈ చుట్టుపక్కలే పుట్టిన రోమన్ కవి హొరేస్ రెండువేల ఏళ్ల కిందటే ఈ సీమ దప్పిక గురించి రాశాడు.

సైకిల్ యాత్రికులు ఎక్కువగా ఎంచుకునే దారి మతేరాలో మొదలై లెచ్చేలో ముగుస్తుంది. మలుపులన్నీ కలుపుకుంటే సుమారు రెండువందల యాభై కిలోమీటర్లు. రోజుకు నలభై, యాభై చొప్పున తొక్కితే వారంలో హాయిగా పూర్తవుతుంది. ఆల్ప్స్ లాంటి భయపెట్టే కొండలేమీ లేవు. ఎత్తు నాలుగైదు వందల మీటర్లకు మించదు. కాకపోతే ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం... దానికి అంతుండదు!

కాళ్ల కింద చెరువు

మతేరాలో సైకిలు తొక్కడం కన్నా నెట్టుకెళ్లడమే ఎక్కువ. లోయ అంచున మెత్తటి రాతిని తొలిచి కట్టిన గుహల ఇళ్లు అంతస్తులు అంతస్తులుగా దిగుతాయి. వాటినే 'సస్సీ' అంటారు. కింది ఇంటి కప్పే పై ఇంటికి వీధి. ఎటు చూసినా మెట్లే.

ఊరి నడిబొడ్డున పెద్ద కూడలి ఉంది. సాయంత్రమైతే జనం అక్కడికి షికారుకొస్తారు. వాళ్ల కాళ్ల కింద ఏముందో చాలాకాలం ఎవరికీ గుర్తు లేదు. 1991లో మళ్లీ బయటపడింది, రాతిలో తొలిచిన బ్రహ్మాండమైన నీటితొట్టి. సుమారు యాభై లక్షల లీటర్లు పడుతుంది. లోపలికి దిగితే పెద్ద చర్చిలో నిలబడ్డట్టే ఉంటుంది. వానచుక్క ఒక్కటి కూడా వృథా పోకుండా వందలాది చిన్న తొట్లు, కాలవలు ఊరంతా అల్లుకుని ఉన్నాయి. నల్లా లేని రోజుల్లో ఊరిని బతికించింది ఈ పనితనమే.

కానీ జనం పెరిగారు. ఇల్లు చాలక పశువుల పాకలుగా, తొట్లుగా ఉన్న గుహల్లో కూడా కాపురాలు పెట్టారు. ఒకే గదిలో తల్లిదండ్రులు, పిల్లలు, కంచరగాడిద, కోళ్లు! మలేరియా, పసిపిల్లల చావులు. ముసోలినీ ప్రభుత్వం 1935లో ఈ ప్రాంతానికి ప్రవాసం పంపిన రచయిత, చిత్రకారుడు కార్లో లేవీ, తర్వాత 1945లో ప్రచురించిన పుస్తకంలో ఆ దుస్థితిని రాశాడు. మతేరా వీధుల్లో అపరిచితుల వెంటపడి డబ్బులు కాదు, క్వినైన్ అడిగే పిల్లలు అందులో కనిపిస్తారు. దేశమంతా సిగ్గుపడింది. 1952లో ప్రత్యేక చట్టం చేసి, సుమారు పదిహేను వేల మందిని గుహలు ఖాళీ చేయించి కొత్త కాలనీలకు పంపించారు.

కొత్త ఇళ్లలో నీళ్లున్నాయి, వెలుతురుంది. లేనిది ఇరుగుపొరుగు. నాలుగైదు గుహలకు కలిపి ఒకే వాకిలి, ఒకే బావి ఉన్నచోట పుట్టి పెరిగినవాళ్లకు వరస ఇళ్లలో ఆ సందడి దొరకలేదు. ఖాళీ అయిన సస్సీ ఏళ్ల తరబడి పాడుబడి ఉంది. 1986లో మళ్లీ చట్టం చేసి బాగు చేయించడం మొదలుపెట్టారు. 1993లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. 2019లో ఐరోపా సాంస్కృతిక రాజధాని అయింది. జేమ్స్ బాండ్ సినిమా కూడా తీశారు. ఒకప్పుడు గాడిదను కట్టేసిన గుహలో ఇప్పుడు హోటల్ గది. కొళాయి తిప్పితే వేడినీళ్లు!

గంటలు చూసుకుని తొక్కాలి

మతేరా దాటగానే గోధుమ చేలు. ఇక్కడి గట్టి గోధుమ రవ్వతోనే దగ్గర్లోని అల్తమూరా రొట్టె చేస్తారు. పై పెచ్చు చెక్కలా గట్టిగా, లోపల పసుపు రంగులో మెత్తగా ఉంటుంది. రోజుల తరబడి పాడవదు. 2003 నుంచి దానికి ఐరోపా రక్షిత గుర్తింపు ఉంది. పూర్వం ఊరందరికీ కలిపి ఒకటే పొయ్యి కాబట్టి, రొట్టెలు తారుమారు కాకుండా ఎవరి ముద్ర వాళ్లు వేసి పంపేవారు. జేబులో ఓ ముక్క, కాస్త జున్ను ఉంటే సైకిల్ మనిషికి మధ్యాహ్నం గడిచిపోతుంది.

గడవాలి కూడా. ఎందుకంటే ఒంటిగంట దాటాక నాలుగు, నాలుగున్నర దాకా పల్లెల్లో దుకాణాలు మూసేస్తారు. ఆ ఎండవేళను అక్కడివాళ్లు 'కొంత్రోరా' అంటారు. మనుషులంతా కిటికీలు బిడాయించుకుని నిద్రపోయే సమయం. నీళ్లు ముందే నింపుకోనివాళ్లు అనుభవిస్తారు! ఏప్రిల్ నుంచి జూన్ మొదటివారం దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలలు తొక్కడానికి బాగుంటాయి. జులై, ఆగస్టుల్లో ఆ ఎండలో మిట్టలెక్కడం శిక్షే. బారి, బ్రిందిసీల్లో విమానాశ్రయాలున్నాయి. సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. మోకాళ్లు మొరాయించేవాళ్లకు బ్యాటరీ సైకిళ్లూ ఉన్నాయి, మొహమాటపడక్కర్లేదు.

దారికి రెండువైపులా రాతిగోడలు మొదలైతే అల్బెరొబెల్లో దగ్గరపడ్డట్టే. పొలంలో ఏరిన రాళ్లనే మట్టి, సున్నం లేకుండా పేర్చిన గోడలివి. ఆ పేర్పుడు విద్యే ఇళ్లకూ వచ్చింది. గుండ్రంగా రాళ్లు పేర్చుకుంటూ, పైకి పోయేకొద్దీ సన్నగిస్తూ, శంఖంలాంటి కప్పు పెడతారు. వీటి పేరు 'త్రుల్లీ'. అల్బెరొబెల్లోలో ఇలాంటివి పదిహేను వందల దాకా ఉన్నాయి. 1996లో యునెస్కో గుర్తించింది.

సున్నం వాడకపోవడానికి ఒక గమ్మత్తైన కారణం చెబుతారు. నేపుల్స్ రాజ్యంలో కొత్త ఊరు కడితే రాజుకు పన్ను కట్టాలి. అది ఎగ్గొట్టడానికి అక్కడి దొర, ఇళ్లను గబగబా కూల్చేయడానికి వీలుగా కట్టమని రైతుల్ని ఆదేశించాడట. తనిఖీ వస్తుందని తెలియగానే ఊరు రాళ్లకుప్ప! విసిగిన జనం రాజుకు మొర పెట్టుకున్నారు. 1797లో దొర పెత్తనం పోయింది. ఆ ఏడాదే సున్నంతో కట్టిన మొదటి ఇల్లు లేచింది. టూరిస్టులు ఫొటోలు తీసుకునే కప్పుకు ఇంకో పని కూడా ఉంది. దాని మీద పడిన వాననీరు గాడి వెంట దిగి ఇంటి కింద తొట్టిలోకి చేరుతుంది. ఇక్కడా దాహమే మేస్త్రీ.

అక్కణ్నుంచి లొకొరొతోందో, మర్తీనా ఫ్రాంకా, చిస్తెర్నీనో... ఒకదానికొకటి కూతవేటు దూరమే. మూడూ మిట్టల మీదే. మూడింట్లో కాఫీ తాగినా పూట గడవదు.

చిస్తెర్నీనో దగ్గర ఓ విచిత్రమైన దారి తగులుతుంది. చుట్టూ కొండలు ఎగుడుదిగుడుగా ఉన్నా ఈ కంకరబాట మాత్రం దాదాపు చదునుగా సాగిపోతుంది. కింద నీళ్లు పారుతున్నాయి కాబట్టి! కొండలకు ఆవల, కంపానియాలోని కపొసేలే దగ్గర పుట్టే సేలే నది నీళ్లను పూల్యాకు మళ్లించే కాలువ పని 1906లో మొదలైంది. 1915లో బారి నగరానికి మొదటిసారి ఆ నీళ్లందాయి. నీరు తన వాలున తాను ప్రవహించేలా కట్టారు. కాలువను చూసుకోవడానికి వేసిన బాటే ఇప్పుడు సైకిళ్లకు దారి. సుమారు అయిదువందల కిలోమీటర్లు, మడమ కొసన ఉన్న లెఉకా దాకా దీన్ని పూర్తి చేయాలన్నది ఆలోచన. ముక్కలు ముక్కలుగానే సాగుతోంది. ఊరూరా కనిపించే పాత ఇనుప కొళాయిల్లో వచ్చేవి ఈ కాలువ పథకం నీళ్లే. అక్కడ సీసా నింపుకుంటుంటే మనకు తెలియకుండానే ఆ ఇంజనీర్ల మీద గౌరవం కలుగుతుంది.

చెట్టుకూ దాహమే

ఒస్తూనీ దూరం నుంచే కనిపిస్తుంది, కొండ మీద ఆరేసిన తెల్లబట్టలా. సున్నం వేస్తే తెగుళ్లు దరిచేరవని పూర్వం నమ్మేవారు. కింద సముద్రం దాకా ఆలివ్ తోటలు. వెయ్యేళ్లు దాటినవని చెప్పే చెట్లున్నాయి. మొదళ్లు మెలికలు తిరిగి, మధ్యలో డొల్లబోయి, ఒక్కో చెట్టు ఒక్కో శిల్పం. రాతి కింద తొలిచిన పాత గానుగలను కూడా చూడొచ్చు. చలికి నూనె గడ్డకట్టకుండా నేల కింద పెట్టేవారు. గల్లీపొలీ రేవు నుంచి ఓడలెక్కిన ఆ నూనెతో ఒకప్పుడు లండన్‌లో దీపాలు వెలిగాయి.

ఆ గల్లీపొలీ పరిసరాల్లోనే 2013లో ఒక బ్యాక్టీరియాను గుర్తించారు. పేరు జైలెల్లా ఫాస్టిడియోసా. కోస్తారికా నుంచి తెచ్చిన కాఫీ మొక్కతో వచ్చి ఉంటుందంటారు. నురగ గూడు కట్టుకునే ఓ చిన్న పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. లోపలికి చేరాక, వేరు నుంచి ఆకుకు నీళ్లెక్కే నాళాలను మూసేస్తుంది. అంటే చెట్టు నీళ్లందక చనిపోతుంది.

తెగులు సోకిన చెట్లను, చుట్టుపక్కల చెట్లను నరికేయాలన్నారు అధికారులు. తాతముత్తాతల చెట్టు మీద గొడ్డలి వేయనివ్వమన్నారు రైతులు. వివాదం కోర్టుకెక్కింది. 2015 చివర్లో నరికివేత ఆగిపోయింది. తెగులును పరిశోధిస్తున్న శాస్త్రవేత్తల మీదే విచారణ నడిచింది. 2019లో ఆ కేసు మూసేశారు. ఈలోపు తెగులు ఉత్తరానికి పాకుతూనే పోయింది. చచ్చిన చెట్ల లెక్క కోట్లకు చేరింది. రైతులది మూర్ఖత్వమని తేల్చేయడం తేలిక. వెయ్యేళ్ల చెట్టును ఎవరో కాగితం పట్టుకొచ్చి కొట్టెయ్యమంటే ఒప్పుకోవడం అంత తేలిక కాదు.

బ్రిందిసీ దాటి లెచ్చే వైపు వెళ్తుంటే మిట్టలు తగ్గిపోతాయి. తొక్కడం సులువవుతుంది. కానీ ఎవరూ వేగం పెంచరు. రోడ్డుకు రెండువైపులా కిలోమీటర్ల కొద్దీ బూడిదరంగు మొద్దులు. ఆకు లేదు, నీడ లేదు. కార్లో వెళ్లేవాళ్లకు కాసేపట్లో దాటిపోయే దృశ్యం సైకిలు మీద గంటలపాటు సాగుతుంది. మధ్యమధ్యలో దున్నిన చేలల్లో వరసలుగా చిన్న మొక్కలు. తెగులును కొంత తట్టుకునే లెచ్చీనో, ఎఫ్‌ఎస్-17 రకాలవి. అక్కడక్కడ రైతులు ఆ రకాల కొమ్మల్నే తెచ్చి పాత మొదళ్లకు అంటు కట్టారు. కొన్ని ఎండిపోయాయి. కొన్ని పట్టుకున్నాయి. బూడిదరంగు బోదె మీద, మనిషి తల ఎత్తులో, గుప్పెడు ఆకులు.