మందు సీసా మీది లెక్క

చదువుకునే రోజుల్లో త్రైరాశికం అంటేనే చాలామందికి జ్వరం వచ్చేది. ఇప్పుడు మీ బిడ్డకు జ్వరం వస్తే ఆ త్రైరాశికమే అక్కరకు వస్తుంది.

పిల్లల జ్వరానికి సాధారణంగా వాడే మందు పారాసిటమాల్. దీని మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. కిలో బరువుకు ఒక్కసారికి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములకు మించకూడదు.

చిక్కల్లా ఏమిటంటే, మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మీరు పోసేది మిల్లీలీటర్లలో. పైగా సీసాలన్నీ ఒకటి కావు. ఒక సిరప్‌లో 5 మి.లీ.కి 120 మి.గ్రా. మందుంటుంది. మరొకదానిలో 5 మి.లీ.కి 250. చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది. చంటిపిల్లలది కదా, పలచగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అన్నిటికంటే చిక్కనిది అదే!

ఇప్పుడు లెక్క వేయండి. 150 మి.గ్రా. కావాలంటే మొదటి సిరప్ సుమారు 6 మి.లీ., రెండోది 3, చుక్కల మందు ఒకటిన్నర. సిరప్‌కు అలవాటుపడిన చేత్తో చుక్కల మందు 6 మి.లీ. పోస్తే బిడ్డ కడుపులోకి 600 మి.గ్రా. పోతుంది. అంటే నాలుగింతలు! ఇలా పదేపదే జరిగితే కాలేయం చెడి ప్రాణం మీదకు రావచ్చు.

కొన్ని జాగ్రత్తలు గుర్తుంచుకోండి. వంటింటి చెంచాలు తలా ఒక కొలత. మందుతో వచ్చిన కొలత మూత గాని, సూదిలేని సిరంజి గాని వాడండి. మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి. రోజుకు నాలుగుసార్లు మించకూడదు. ఇచ్చిన వేళ కాగితం మీద రాసి పెడితే, అమ్మ ఇచ్చిందని తెలియక నాయనమ్మ మళ్ళీ పోయదు. కొన్ని జలుబు మందుల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది. దాన్నీ లెక్కలో కలపాలి. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం వస్తే సొంత వైద్యం వద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి.

పొరపాటున ఎక్కువ పోశారా? బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని ఊరుకోకండి. కాలేయం దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజులదాకా బయటపడకపోవచ్చు. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. విరుగుడు మందు ఉంది. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

బిడ్డ బరువెంత? ఎన్ని మి.గ్రా. కావాలి? ఈ సీసాలో మి.లీ.కి ఎంత ఉంది? మూత తీసేముందు ఈ మూడూ చూసుకోండి. లెక్క తేలకపోతే డాక్టరును అడిగే పోయండి.