ఖర్జూరం, కొబ్బరినీరు, మూత్రపిండాల త్రాసు

రెండేళ్ళ క్రితం రమజాన్ మొదటి వారంలో చోడవరం నుండి ఇచ్ఛాపురంలోని మా బావగారికి రెండు కిలోల ఖర్జూరం పంపాను. ఆయన నా అర్ధాంగికి అన్నగారు. కొన్నేళ్ళుగా మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నారు. వైద్యుడు ఉపవాసం వద్దన్నందుకు ఆయన ఎంతో నొచ్చుకున్నారని విని ఫోను చేశాను. "ఉపవాసం లేకపోయినా ఇఫ్తార్ వేళ అందరితో కూర్చోండి బావగారూ. ఖర్జూరాలు తినండి, మీ ఊరి కొబ్బరినీరు త్రాగండి, బలం వస్తుంది" అన్నాను.

పదిహేను రోజులు గడిచాయి. ఒక రాత్రి కాళ్ళలో సత్తువ లేక ఆయన మంచం దిగలేకపోయారు. గుండె లయ తప్పింది. ఆసుపత్రిలో పరీక్షిస్తే రక్తంలో పొటాషియం 7 దాటిందని తేలింది. "ఈ మధ్య కొత్తగా ఏమి తింటున్నారు?" అని వైద్యుడు అడిగితే, ఆయన భార్య అమాయకంగా చెప్పిన సమాధానం ఇది: "మా మౌల్వీగారు పంపిన ఖర్జూరమేనండి, కొబ్బరినీళ్ళేనండి."

అల్లాహ్ దయవల్ల ఆయన కోలుకున్నారు. ముప్పై ఏళ్ళుగా మదర్సాలో పాఠాలు చెబుతున్న నేను ఆ వైద్యుని ముందు విద్యార్థిలా కూర్చున్నాను. నాడు నేర్చుకున్నదీ, ఆ పిమ్మట చదివి తెలుసుకున్నదీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మన శరీర బరువులో సగానికి పైగా నీరే. ఆ నీటిలో సోడియం, పొటాషియం, కాల్షియం, క్లోరైడ్ వంటి లవణాంశాలు విద్యుదావేశంతో కరిగి ఉంటాయి. వీటినే ఎలక్ట్రోలైట్లు అంటారు. నాడులు సందేశాలు మోయాలన్నా, కండరాలు కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఇవి తగు పాళ్ళలో ఉండాలి. సోడియం అధికభాగం కణాల వెలుపల ఉంటుంది. పొటాషియంలో నూటికి 98 పాళ్ళు కణాల లోపలే ఉంటుంది. ఆరోగ్యవంతుని రక్తపరీక్షలో లీటరుకు సోడియం 135 నుండి 145 మిల్లీమోళ్ళు, పొటాషియం సుమారు 3.5 నుండి 5 మిల్లీమోళ్ళు కనిపిస్తుంది. పొటాషియం ఎంత తక్కువో చూడండి! అంత చిన్న అంకెలో రెండు మూడు పెరిగినా గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఈ రెండింటినీ తమ తమ చోట్ల నిలిపే సూక్ష్మయంత్రాలు ప్రతి కణపు పొరలోనూ ఉన్నాయి. వాటిని నడిపే ఇంధనం ఏటీపీ అనే పదార్థం. మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాలలో గుర్తించినది ఈ పదార్థాన్నే.

అయితే మనం రోజూ తినే ఉప్పు, త్రాగే నీరు ఒకే కొలతలో ఉండవు. ఒకనాడు విందు, మరొకనాడు ఉపవాసం. ఈ హెచ్చుతగ్గులను సరిదిద్దే త్రాసు మూత్రపిండాల చేతిలో ఉంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలు ఉంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో మూత్రంగా బయటకు పోయేది ఒకటి రెండు లీటర్లు మాత్రమే. మిగిలినదంతా తిరిగి రక్తంలో కలుస్తుంది. ఏది ఉంచుకోవాలో, ఏది విడిచిపెట్టాలో తెలిపే ఆజ్ఞలు హార్మోన్ల రూపంలో వస్తాయి.

నీరు తగ్గి రక్తం చిక్కబడగానే మెదడులోని హైపోథాలమస్ దానిని పసిగడుతుంది. ఒకవైపు దప్పిక కలిగిస్తుంది. మరొకవైపు పీయూషగ్రంథి ద్వారా వాసోప్రెసిన్ అనే హార్మోనును విడుదల చేయిస్తుంది. అది అందగానే మూత్రపిండాలు నీటిని పొదుపు చేస్తాయి. ఉపవాసం నాటి సాయంకాలం మూత్రం తక్కువగా, ముదురు రంగులో రావడానికి కారణం ఇదే.

రక్తపు ఒత్తిడి తగ్గితే మూత్రపిండాలే రెనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దాని ప్రేరణతో, మూత్రపిండాలపై టోపీలా అమరి ఉన్న అడ్రినల్ గ్రంథుల నుండి ఆల్డోస్టిరాన్ వెలువడుతుంది. అది సోడియాన్ని నిలుపుతుంది, పొటాషియాన్ని బయటకు పంపుతుంది. రక్తంలో పొటాషియం పెరిగినప్పుడు కూడా ఈ హార్మోను నేరుగా విడుదలవుతుంది. ఇందుకు భిన్నంగా, రక్తం పరిమాణం ఎక్కువై గుండె గదులు సాగినప్పుడు గుండె నుండి మరొక హార్మోను వెలువడి ఉప్పును బయటకు పంపిస్తుంది. కాల్షియం సంగతి మెడలోని నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు చూసుకుంటాయి.

మా బావగారికి మధుమేహం లేదు. అయినా ఆ రాత్రి ఆయనకు గ్లూకోజుతో పాటు ఇన్సులిన్ ఎక్కించారు. ఇంటివారు పొరపాటు జరిగిందేమోనని భయపడ్డారు. కారణం తరువాత తెలిసింది. ఇన్సులిన్ చక్కెరనే కాదు, పొటాషియాన్ని కూడా రక్తం నుండి కణాలలోనికి నెడుతుంది. భోజనం చేసిన ప్రతిసారీ మన శరీరంలో జరిగేది ఇదే. కానీ అది తాత్కాలికమైన సర్దుబాటు. చివరకు పొటాషియం బయటకు పోవలసింది ముఖ్యంగా మూత్రపిండాల ద్వారానే. అవి క్షీణించినప్పుడు హార్మోను ఎంత గట్టిగా ఆజ్ఞాపించినా అమలు చేసేవారు ఉండరు.

నూరు గ్రాముల ఖర్జూరంలో సుమారు 650 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కొబ్బరినీరు ఒక గ్లాసులో దాదాపు 500 మిల్లీగ్రాములు ఉండవచ్చు. ఆరోగ్యవంతునికి ఇది మేలు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఇదే ప్రాణసంకటం. ఆహారంలో దోషం లేదు. దోషం నా సలహాలో ఉంది.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలను కలిపి ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడితోటలతో కళకళలాడే ఆ నేలపై దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి కుటుంబాలను కుదిపివేస్తున్నది. మధుమేహం, రక్తపోటు లేని శ్రామికులకు కూడా ఇది వస్తున్నది. కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి త్రాగునీరు అందించే పథకం కూడా అదే రోజు మొదలైంది.

ఇటువంటి వ్యాధే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతులలోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కోత కూలీలలోనూ ఉంది. ఆ చెరకు కూలీల విషయంలో పరిశోధకుల ముఖ్యమైన అనుమానం ఎండవేడిమి మీదనే. నీరు చాలక, నీడ లేక, రోజు తరువాత రోజు ఒళ్ళు ఎండబెట్టుకుంటే మూత్రపిండాలు దెబ్బతింటాయని వారి భావన. మా చోడవరం చుట్టూ ఉన్నవి కూడా చెరకు తోటలే, బెల్లం పొయ్యిలే. మన సోదరులూ అక్కడ పనిచేస్తున్నారు. ఈ మాట వారిని భయపెట్టడానికి కాదు, జాగ్రత్తపరచడానికి వ్రాస్తున్నాను.

చెమటతో నీరే కాదు, ఉప్పు కూడా పోతుంది. అందుచేత ఎండలో శ్రమించే ఆరోగ్యవంతులు నీటితో పాటు ఉప్పు వేసిన మజ్జిగ, చోడి అంబలి వంటివి తీసుకోవడం మంచిది. ఉపవాసం ఉన్నవారు ఇఫ్తార్‌లో ఒక్కసారిగా కడుపు నింపుకోక, సహరీ వరకు కొద్దికొద్దిగా నీరు త్రాగాలి. ఒళ్ళునొప్పులకు దుకాణంలో అడిగి నొప్పిమాత్రలు తెచ్చుకుని మింగే అలవాటు మానాలి. ఒళ్ళు ఎండిన వేళ ఆ మాత్రలు మూత్రపిండాలకు మరింత కీడు చేస్తాయి.

మూత్రపిండాల వ్యాధి మొదట ఏ బాధా కలిగించదు. బాధ తెలిసేనాటికి చాలా భాగం పోయి ఉంటుంది. కనుక మధుమేహం, రక్తపోటు ఉన్నవారూ, ఇంట్లో ఈ వ్యాధి ఉన్నవారూ ఏటా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి. వ్యాధి ఉన్నట్లు తేలితే పండ్లు, కొబ్బరినీరు మాత్రమే కాదు, "తక్కువ సోడియం ఉప్పు" విషయం కూడా వైద్యుని అడగాలి. అటువంటి ఉప్పులలో సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు. కొన్ని రక్తపోటు మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. అయితే వాటిని స్వయంగా మానివేయరాదు.

ఉపవాసం సంగతి రమజాన్‌కు ముందుగానే వైద్యునితో మాట్లాడుకోవాలి. రోగికి మినహాయింపు అల్ బఖరా సూరా 184, 185 ఆయతులలోనే ఉంది. ఆ మినహాయింపును వాడుకున్న వ్యక్తిని చిన్నచూపు చూడటం, "ఒక్కటైనా ఉండకూడదా" అని ఒత్తిడి చేయడం మన ఇళ్ళలో జరుగుతూనే ఉంటుంది. అది జాలి కాదు, హాని.

నిరుడు రమజాన్‌లో మా బావగారికి ఏమి పంపాలో నాకు తోచలేదు. ఆయననే అడిగాను. "రోజుకు ఒక్క ఖర్జూరం తినవచ్చని డాక్టరుగారు అనుమతించారు మౌల్వీగారూ. ముప్పై పంపండి చాలు, లెక్కపెట్టి పంపండి" అన్నారు నవ్వుతూ. లెక్కపెట్టే పంపాను.