లోగో అంటే బొమ్మ మాత్రమేనా?



పాల ప్యాకెట్, బ్యాంకు పాస్‌బుక్, సెల్‌ఫోన్, స్కూల్ యూనిఫాం జేబు... పొద్దున లేచింది మొదలు మీ పిల్లల కళ్ల ముందు పదుల కొద్దీ లోగోలు తిరుగుతుంటాయి. వాటిలో ఒకటి మారితే చాలాసార్లు ముందుగా గమనించేదీ వాళ్లే. "నాన్నా, ఈ బ్యాంకు బోర్డు ఎందుకు మార్చేశారు?" అని అడుగుతారు. "కొత్తగా ఉంటుందని" అని చెప్పి ఊరుకుంటాం. నిజానికి పిల్లలు వేసిన ఆ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. గ్రాఫిక్ డిజైన్ చదువుతున్న విద్యార్థిగా, దీని గురించి మా క్లాసులో నేర్చుకుంటున్న విషయాలను మీతో పంచుకుంటాను.

ఒక మాట, రెండు అర్థాలు

లోగోకు తెలుగులో చక్కని మాట ఉంది: గుర్తు. "ఎన్నికల గుర్తు" అంటాం. "ఆయన నాకు బాగా గుర్తు" అని కూడా అంటాం. మొదటిది కంటికి కనిపించే బొమ్మ, రెండోది మనసులో ఉండిపోయే జ్ఞాపకం. 1951-52లో జరిగిన మన తొలి సాధారణ ఎన్నికల నాటికి చదవడం రాని ఓటర్లే ఎక్కువ. అందుకే బొమ్మలను గుర్తులుగా వాడారు. పేరు చదవలేకపోయినా బొమ్మను పోల్చుకుంటే చాలు. కంపెనీ లోగో వెనక ఉన్న సూత్రమూ అదే.

భారతీయ స్టేట్ బ్యాంకు లోగోనే చూడండి. నీలం రంగు వృత్తం, మధ్యలో తాళం చెవి పట్టే రంధ్రంలాంటి ఆకారం. ఎన్‌ఐడీకి చెందిన శేఖర్ కామత్ రూపొందించిన ఈ గుర్తును బ్యాంకు 1971లో స్వీకరించింది. ఐదో తరగతి పిల్లవాడు కూడా దీన్ని అర నిమిషంలో గీసేయగలడు. ఆ తేలికదనమే దాని బలం. మేం ఏ లోగో గీసినా మా టీచర్లు ముందు పెట్టే పరీక్షలు ఇవి: గోరంత సైజులో పోల్చుకోగలమా? ఒకే రంగులో, రబ్బరు స్టాంపు మీద పనిచేస్తుందా? కదులుతున్న బస్సులోంచి చూసినా తెలుస్తుందా? ఒకసారి చూసినవారు మళ్లీ గీయగలరా?

రీబ్రాండింగ్ అంటే

రీబ్రాండింగ్‌లో లోగో మార్చడం ఒక భాగం మాత్రమే. పేరు, రంగులు, అక్షరాల తీరు, బోర్డులు, ప్రకటనలు, కస్టమర్‌తో మాట్లాడే పద్ధతి కూడా అందులోకే వస్తాయి. రెండు సంస్థలు ఒకటైనప్పుడు, యజమానులు మారినప్పుడు, చేసే వ్యాపారం మారినప్పుడు కంపెనీలు ఈ పనికి పూనుకుంటాయి.

మనకు బాగా దగ్గరి ఉదాహరణలు రెండు ఉన్నాయి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. పేరూ మారింది, గుర్తూ మారింది. అయినా "ఆంధ్రా బ్యాంకుకు వెళ్లొస్తా" అనే పెద్దవాళ్లు మీ ఇంట్లోనే ఉండొచ్చు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసింది. అక్కడ కూడా పేరు మారింది. అయితే ఖాతాదారులకు అలవాటైన నీలం వృత్తం అంతకుముందూ ఉంది, తర్వాతా ఉంది. బోర్డు మార్చడం తేలికే. జనం మనసులో ఉన్న గుర్తును మార్చడానికి చాలా కాలం పడుతుంది.

ఈ సంగతి పట్టించుకోకపోతే నష్టం ఎంతో అమెరికాలో ట్రోపికానా పండ్లరసం చూపించింది. 2009 జనవరిలో ఆ కంపెనీ, నారింజ పండులో స్ట్రా గుచ్చిన పాత బొమ్మను తీసేసి, గ్లాసులో రసం ఉన్న కొత్త బొమ్మతో డబ్బాలు తెచ్చింది. అవి చూడటానికి నీటుగానే ఉన్నాయి. కానీ షాపులో తమకు అలవాటైన డబ్బా ఏదో కొనేవాళ్లు చప్పున పోల్చుకోలేకపోయారు. రెండు నెలలు తిరగకుండానే అమ్మకాలు సుమారు 20 శాతం పడిపోయాయి. కంపెనీ మళ్లీ పాత బొమ్మకే వెళ్లింది. 2010లో గ్యాప్ అనే దుస్తుల కంపెనీ కూడా కొత్త లోగో పెట్టి, జనం నుంచి వచ్చిన వ్యతిరేకతతో వారం రోజుల్లోనే వెనక్కి తీసుకుంది.

అందుకే రీబ్రాండింగ్ ప్రాజెక్టు ఇచ్చినప్పుడు మా టీచర్లు ముందు పెన్సిల్ పట్టనివ్వరు. వాడేవాళ్లతో మాట్లాడి రమ్మంటారు. "ఏం మార్చాలి?" అనే ప్రశ్న కన్నా ముందు "ఏది మార్చకూడదు?" అనే ప్రశ్నకు జవాబు తెచ్చుకోవాలి.

మీ పిల్లలు డిజైన్ చదువుతానంటే

"బొమ్మలు గీస్తే కూడు పెడుతుందా?" అనే భయం ఏ తల్లిదండ్రులకైనా సహజం. దీనికి ఒక నిజమైన కథ చెబుతాను. నైకీ కంపెనీ వాడే టిక్కు గుర్తును 1971లో గీసింది పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థిని కరోలిన్ డేవిడ్‌సన్. అందుకు ఆమెకు ముట్టింది 35 డాలర్లు. 1983లో కంపెనీ ఆమెను పిలిచి షేర్లు కానుకగా ఇచ్చింది. విద్యార్థి చేతి పని ప్రపంచమంతా తిరగగలదని ఈ కథ చెబుతోంది. మొదట్లో దక్కే ప్రతిఫలం చిన్నదిగా ఉండొచ్చనీ చెబుతోంది. రెండూ తెలుసుకునే నిర్ణయం తీసుకోవడం మంచిది. మన రూపాయి చిహ్నం కూడా ఇలాంటిదే. 2010లో కేంద్ర ప్రభుత్వం ఎంపిక చేసిన ఆ డిజైన్‌ను రూపొందించిన ఉదయ కుమార్ అప్పటికి ఐఐటీ బాంబేలో పరిశోధక విద్యార్థి.

ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్షలు రాయవచ్చు. యూసీడ్ ద్వారా ఐఐటీ హైదరాబాద్ వంటి చోట్ల, ఎన్‌ఐడీ సొంత పరీక్ష ద్వారా ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ వంటి చోట్ల బీడెస్ చదవవచ్చు. ఈ పరీక్షల్లో గీయడంతో పాటు పరిశీలన, ఆలోచించే తీరు కూడా చూస్తారు. కాబట్టి మీ పాప బొమ్మ ఎంత అందంగా వేసిందన్నది ఒక్కటే చూడకండి. చుట్టూ ఉన్న వస్తువులు అలా ఎందుకు ఉన్నాయని అడుగుతోందా, ఒకే బొమ్మను పదిసార్లు మార్చి గీయడానికి విసుక్కోకుండా కూర్చుంటోందా అన్నది గమనించండి.

ఈ ఆదివారం ఇంట్లో చేసి చూడండి

ఇంటిల్లిపాదీ తలా ఒక కాగితం తీసుకోండి. మీరు వాడే పాల ప్యాకెట్, మీ బ్యాంకు, మీ పిల్లల స్కూలు లోగోలను చూడకుండా గీయండి. తర్వాత అసలు వాటితో పోల్చండి. అందరికీ గుర్తున్న భాగం ఏదో, ఎవరికీ గుర్తులేనిది ఏదో తేలిపోతుంది. అప్పుడు మీ పిల్లలను అడగండి: "దీన్ని కొత్తగా చేయమంటే నువ్వు ఏది ఉంచుతావు? ఏది తీసేస్తావు? ఎందుకు?" తప్పొప్పులు దిద్దకుండా వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. ఆ కాగితాలు పారేయకండి. నెల తర్వాత మళ్లీ గీయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.