సూర్యుని గుట్టు గుంటూరులో రట్టు

గుంటూరు: మిర్చి టిక్కీలతో యార్డుకు వెళ్లే రైతుల్లో చాలామందికి తెలియని ఘనత గుంటూరుకు ఒకటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ టెలిస్కోపు వెంటబెట్టుకుని ఓడెక్కి ఇక్కడికి వచ్చారు. ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట మకాం వేశారు. మేజర్ టెనెంట్ నాయకత్వాన ఆంగ్లేయుల బృందం కూడా ఇక్కడే దిగింది.

అసలే వానాకాలం. మబ్బు కమ్మితే సముద్రాలు దాటి వచ్చిన శ్రమంతా వృథా. గ్రహణం పూర్తిగా పట్టి ఉండేది ఆరు నిమిషాలైనా లేదు. అదృష్టవశాత్తూ ఆ ఉదయం సూర్యుడు కనిపించాడు. నల్లబడిన బింబం అంచున ఎర్రని మంటల్లాంటివి లేచాయి. వెలుగును ఇంద్రధనుస్సులా రంగులుగా విడదీసే పరికరంతో చూసి, అవి ముఖ్యంగా హైడ్రోజన్ వాయువని జాన్సెన్ గ్రహించారు. మర్నాడు గ్రహణం లేకుండానే, మామూలు ఎండలోనే వాటిని చూడగలిగారు.

అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ కూడా ఈ పద్ధతి కనుగొన్నారు. ఆ వెలుగులోని ఒక పసుపు గీత భూమిపై అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని ఆయన తేల్చారు. అదే హీలియం. 1895లో రామ్సే దాన్ని భూమి మీదా పట్టుకున్నారు.

నేడు ఆసుపత్రుల్లో ఎంఆర్‌ఐ స్కానింగు యంత్రాల అయస్కాంతాలను చల్లబరచడానికి ఎక్కువగా వాడేది ఈ హీలియమే.