సూరత్‌లో విలీనమైన సచిన్ పట్టణం

గుజరాత్‌లోని సూరత్‌కు దక్షిణాన, నవ్‌సారి మార్గంలో ఉన్న సచిన్ పట్టణం నేడు ఆ మహానగరంలో అంతర్భాగం. ఆఫ్రికా మూలాలు గల సిద్దీ నవాబులు 1791 నుంచి పాలించిన ఈ సంస్థానం 1948లో బొంబాయి రాష్ట్రంలో కలిసింది. అనంతర కాలంలో పారిశ్రామికవాడ, ప్రత్యేక ఆర్థిక మండలి ఇక్కడ ఏర్పడ్డాయి. ఉపాధి కోసం ఇతర రాష్ట్రాల కార్మికులు తరలివచ్చారు.

2020లో సచిన్, కనక్‌పూర్-కన్‌సాడ్ పురపాలికలను, 27 గ్రామ పంచాయతీలను రాష్ట్ర ప్రభుత్వం సూరత్ నగరపాలక సంస్థలో విలీనం చేసింది. 2007లో హైదరాబాద్ శివారులోని 12 పురపాలికలు కూడా ఇలాగే మహానగరంలో కలిశాయి.

తాగునీరు, మురుగునీటి పారుదల బాధ్యతలు ఇప్పుడు నగరపాలక సంస్థవే. పెద్ద సంస్థ నిధులు, యంత్రాంగం సచిన్‌కు అందుబాటులోకి వచ్చాయి. అయితే సొంత పాలకమండలి లేనందున, స్థానిక అవసరాలు ఇకపై నగరమంతటి అవసరాలతో పోటీపడవలసి ఉంటుంది.